తెలియని పోర్టు వెనక ఎవరున్నారు?

కంప్యూటరు బాగుచేస్తామంటూ ఫోన్ చేసే మోసగాళ్ల దగ్గర ఒక పాత ఎత్తు ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరవమంటారు. నెట్‌స్టాట్ అనే ఆజ్ఞ టైపు చేయమంటారు. తెర నిండా అంకెలు బారులు తీరుతాయి. వాటిలో ఒక నిలువు వరుసకు 'ఫారిన్ అడ్రస్' అని శీర్షిక ఉంటుంది. "చూశారా అండీ, ఇన్ని విదేశీ చిరునామాలు! మీ కంప్యూటర్లోకి ఎవరో చొరబడ్డారు. వెంటనే ఈ సాఫ్ట్‌వేర్ వేయించుకోండి" అంటారు. తెర మీద నిజంగానే ఆ మాట కనబడుతోంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు నమ్ముతారు, డబ్బు పోగొట్టుకుంటారు.

ఇక్కడ 'ఫారిన్' అంటే విదేశం అని అర్థం కాదు. 'అవతలి కొస' అని మాత్రమే. మీ ముందు గదిలోని ప్రింటరుతో మాట్లాడుతున్నా, మీ కంప్యూటరు తనతో తాను మాట్లాడుకుంటున్నా ఆ అవతలి కొస చిరునామా ఈ వరుసలోనే పడుతుంది. ఫోన్ చేసినవాడికి ఇది తెలుసు. మనకు తెలియకపోవడమే వాడి పెట్టుబడి.

అలాగని ఆ పట్టికలో భయపడాల్సింది ఎప్పుడూ ఏమీ ఉండదని కాదు. కొన్నిసార్లు ఉంటుంది. మన ఇంటి కంప్యూటర్లో మనకు తెలియని పోర్టు తెరిచి ఉంటే, అది ఎవరిదో మనమే ఎలా కనుక్కోవచ్చో చూద్దాం. ఉదాహరణకు ఎంతో దూరం వెళ్లనక్కర లేదు. పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్సు చదివే చాలామంది ఇళ్లలో ఇప్పుడే ఒకటి సిద్ధంగా ఉంది.

ముందు పోర్టు అంటే ఏమిటో తేల్చుకుందాం. ఇది పెన్‌డ్రైవ్ గుచ్చే పోర్టు కాదు. ఇది కేవలం ఒక సంఖ్య. రైల్వే రిజర్వేషన్ కార్యాలయాన్ని ఊహించుకోండి. కార్యాలయం చిరునామా ఒక్కటే. లోపల కౌంటర్లు చాలా ఉంటాయి. ఐపీ అడ్రస్ ఆ కార్యాలయం చిరునామా లాంటిది, పోర్టు కౌంటరు నంబరు లాంటిది. నెట్‌వర్క్ ద్వారా వచ్చే ప్రతి టీసీపీ, యూడీపీ ప్యాకెట్ మీద 'ఫలానా కౌంటరుకు' అని రాసి ఉంటుంది. ఆ సంఖ్య రాయడానికి 16 బిట్ల చోటు ఇచ్చారు కాబట్టి 0 నుంచి 65535 వరకు నంబర్లు ఉన్నాయి.

ఈ పోలికలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. కౌంటరు ఉన్నంత మాత్రాన పని జరగదు, వెనక గుమాస్తా కూర్చోవాలి. గుమాస్తా లేని కౌంటరు దగ్గరికి వెళ్లినవాడు వెనక్కి రావాల్సిందే. అలాగే పోర్టు తనంతట తాను తెరుచుకోదు. ఏదో ఒక ప్రోగ్రాం "ఈ నంబరుకు వచ్చేవన్నీ నాకు ఇవ్వు" అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితేనే అది తెరిచినట్టు లెక్క. కాబట్టి 'ఈ పోర్టు ఎందుకు తెరిచి ఉంది' అనే ప్రశ్నకు బదులు 'ఈ కౌంటరు వెనక కూర్చున్నది ఎవరు' అని అడగాలి. మొదటి ప్రశ్నకు ఇంటర్నెట్‌లో వెతికితే రకరకాల జవాబులు, వాటిలో సగం భయపెట్టేవి, దొరుకుతాయి. రెండో ప్రశ్నకు మీ కంప్యూటరే కచ్చితమైన జవాబు చెబుతుంది.

నంబర్ల పంపకాన్ని ఐయానా అనే సంస్థ చూస్తుంది. 1023 వరకు ఉన్నవి అందరికీ తెలిసిన సేవలకు. వెబ్‌సైట్లకు 80, 443, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌కు 53, ఇలా. 1024 నుంచి 49151 వరకు ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు నమోదు చేయించుకోవచ్చు. 49152 నుంచి పైవన్నీ తాత్కాలిక అవసరాలకు. ఈ నమోదు వెనక కథలు కూడా ఉన్నాయి. 1995లో ఫిన్లాండుకు చెందిన టాటు యులోనెన్ సురక్షితంగా దూరపు కంప్యూటరును నడిపే ఎస్ఎస్‌హెచ్‌ను రాశాడు. అది ఎఫ్‌టీపీ, టెల్‌నెట్‌ల స్థానంలోకి రావాలని ఆయన ఆశ. వాటి నంబర్లు 21, 23. మధ్యలో 22 ఖాళీగా ఉంది. ఒక ఈమెయిల్ రాసి అడిగితే ఇచ్చేశారు. ఇప్పుడైతే అంత తేలిగ్గా దొరికేది కాదు.

ఇక చూసే పద్ధతి. విండోస్‌లో స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లో అడుగున 'లిజనింగ్ పోర్ట్స్' అనే భాగం ఉంటుంది. ప్రోగ్రాం పేరు, దాని పీఐడీ, చిరునామా, పోర్టు నంబరు, ఫైర్‌వాల్ దాన్ని అనుమతిస్తోందా లేదా, అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. పీఐడీ అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ సిస్టమ్ ఇచ్చే హాజరు సంఖ్య. కమాండ్ ప్రాంప్ట్ అలవాటున్నవాళ్లు నెట్‌స్టాట్ తరువాత ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పెట్టి, దానికి ఆనించి ఎ, ఎన్, ఓ అనే మూడు ఆంగ్ల అక్షరాలు కొట్టవచ్చు. సమాచారం అదే, ముస్తాబు తక్కువ.

పట్టికలో ముందు చూడాల్సింది స్థితి. 'లిజనింగ్' అంటే గుమాస్తా కూర్చుని ఎదురుచూస్తున్నాడు, ఇంకా ఎవరూ రాలేదు. 'ఎస్టాబ్లిష్డ్' అంటే సంభాషణ నడుస్తోంది. 'టైమ్ వెయిట్' అంటే సంభాషణ అయిపోయింది, దారి తప్పిన ప్యాకెట్ ఏదైనా ఆలస్యంగా వస్తుందేమోనని కాసేపు పేరు కొట్టేయకుండా ఉంచారు. ఇలాంటి వరుసల్లో పీఐడీ 0 అని ఉంటుంది. యజమాని లేని కనెక్షన్ అని కంగారుపడే వాళ్లున్నారు. అది ముగిసిపోయిన లావాదేవీ, అంతే.

తరువాత చూడాల్సింది చిరునామా. 127.0.0.1 అని ఉంటే అది కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునే దారి. రిసోర్స్ మానిటర్ దీన్నే లూప్‌బ్యాక్ అని చూపిస్తుంది. బయటివాళ్లెవరూ ఈ కౌంటరు దగ్గరికి రాలేరు. మీరు పైథాన్ ప్రోగ్రాములు రాసే ఐడిల్ తెరిచి ఈ పట్టిక చూడండి. పైథాన్ పేరుతో 127.0.0.1 మీద ఒక కనెక్షన్ కనిపిస్తుంది. మీరు టైపు చేసే కిటికీ ఒక ప్రాసెస్, మీ ప్రోగ్రాంను నడిపేది ఇంకొక ప్రాసెస్, రెండూ ఆ దారిలో మాట్లాడుకుంటాయి. చిరునామా 0.0.0.0 అనో 'అన్‌స్పెసిఫైడ్' అనో ఉంటే మాత్రం ఏ దారిన వచ్చినా తీసుకుంటానని ఆ ప్రోగ్రాం కూర్చుందన్న మాట. అప్పుడు కాస్త శ్రద్ధ పెట్టాలి.

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. పట్టికలో 3306, 33060 అని రెండు పోర్టులు కనిపించాయనుకోండి. రెండూ లిజనింగ్‌లో ఉన్నాయి. చిరునామా అన్‌స్పెసిఫైడ్. మీరు కంప్యూటరు ఆన్ చేసి ఐదు నిమిషాలే అయింది, బ్రౌజరు కూడా తెరవలేదు. కంప్యూటరును ఆపి మళ్లీ ఆన్ చేసినా అవే కనిపిస్తున్నాయి. చూడటానికి ఇది అచ్చం చొరబాటులాగే ఉంటుంది. అడగకుండా మొదలవుతుంది, తలుపు తీసి కూర్చుంటుంది, రీస్టార్ట్ చేసినా పోదు.

పీఐడీ పట్టుకుని టాస్క్ మేనేజరులోకి వెళ్లండి. డీటెయిల్స్ భాగంలో అదే పీఐడీ ఉన్న వరుస మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఫైలు ఎక్కడుందో చూపించమనండి. ప్రోగ్రాం ఫైల్స్‌లో మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డరు తెరుచుకుంటుంది. అంతే, దొంగ దొరికాడు. ఎస్‌క్యూఎల్ ప్రాక్టికల్స్ కోసం మీరో, మీ అక్కయ్యో, అన్నయ్యో ఎప్పుడో వేసిన మైఎస్‌క్యూఎల్ అది. 3306 దాని అసలు పోర్టు. 33060 ఎనిమిదో వెర్షన్ నుంచి దానికి తోడుగా డిఫాల్ట్‌గా నడిచే కొత్త ప్రోటోకాల్‌ది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండా 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోతాం. ఆ పేజీల్లో ఒకచోట 'కంప్యూటరుతో పాటే మొదలుపెట్టు' అని, ఇంకొకచోట 'ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వు' అని ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఫలితంగా పరీక్షలు అయిపోయిన రెండేళ్ల తరువాత కూడా ఆ గుమాస్తా రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నాడు.

దొరికింది చుట్టమే కదా అని ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. ప్రాక్టికల్స్ కోసం వేసిన మైఎస్‌క్యూఎల్‌కు ఎలాంటి పాస్‌వర్డు పెట్టుకుంటామో మనకు తెలియనిది కాదు. 'రూట్' అనో 1234 అనో. ఇంట్లో ఉన్నంతకాలం పెద్దగా ఇబ్బంది ఉండకపోవచ్చు. అదే ల్యాప్‌టాప్‌ను తీసుకుని మీరు కాలేజీ హాస్టలుకు వెళ్తారు. వందలమంది ఉన్న వైఫైలో కలుస్తారు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాడెవడైనా 3306ను తట్టి, నాలుగు పాస్‌వర్డులు ప్రయత్నిస్తే లోపలికి రావచ్చు. లోపల ఉన్నది మీ ప్రాక్టికల్ పట్టికలే కావచ్చు, కానీ డేటాబేస్ సర్వరుకు ఫైళ్లు చదివే, రాసే శక్తి కూడా ఉంటుందని మరచిపోకండి.

పరిష్కారం చిన్నదే. సర్వీసెస్ అనే కిటికీ తెరిచి, మైఎస్‌క్యూఎల్ పేరుతో ఉన్న సర్వీసును ఆపి, దాని స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చండి. కావలసిన రోజు మీరే మొదలుపెట్టుకోవచ్చు. రోజూ వాడేవాళ్లు దాని సెట్టింగుల ఫైలులో బైండ్ అడ్రస్‌గా 127.0.0.1 ఇస్తే కౌంటరు ఇంట్లోవాళ్లకు మాత్రమే పరిమితం అవుతుంది. 33060కి ఇలాంటి వరుసే వేరుగా రాయాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆ తరువాత పట్టిక మళ్లీ చూడండి. మార్పు చేసి, చూడకుండా వదిలేసిన మరమ్మతు సగం మరమ్మతే.

అనుభవం కోసం ఇంకో ప్రయోగం. పైథాన్‌లో హెచ్‌టీటీపీ సర్వర్ అనే మాడ్యూలు ఉంది. దాన్ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపితే 8000 పోర్టు తెరుచుకుంటుంది. విండోస్ ఫైర్‌వాల్ వెంటనే "దీనికి అనుమతి ఇవ్వనా?" అని అడగవచ్చు. రిసోర్స్ మానిటర్‌లో 8000 కనిపిస్తుంది. కంట్రోల్, సి కలిపి నొక్కి సర్వరును ఆపండి, 8000 మాయమవుతుంది. ఖాళీ ఫోల్డరులో నుంచే ఇది చేయండి. ఎందుకంటే మీరు ఏ ఫోల్డరులో ఉండి నడిపితే ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నీ ఆ పోర్టు ద్వారా చూడవచ్చు.

మిగతా తరచు కనిపించేవాటి గురించి క్లుప్తంగా. 135, 445 విండోస్ సొంతవి. 445 దగ్గర పీఐడీ 4 ఉంటుంది, అది సిస్టమ్. 5353, 1900 యూడీపీ పోర్టులు. ఇంట్లో ప్రింటరు, టీవీ లాంటివి ఎక్కడున్నాయో వెతకడానికి. యూడీపీకి లిజనింగ్ అనే స్థితి ఉండదు కాబట్టి నెట్‌స్టాట్‌లో ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది, అది లోపం కాదు. 7680 మాత్రం కాస్త విచిత్రమైనది. విండోస్ అప్‌డేట్లను మీ ఇంట్లోని ఒక కంప్యూటరు దించుకుంటే, ఆ ముక్కలను రెండో కంప్యూటరుకు నేరుగా ఇవ్వడానికి వాడే పోర్టు ఇది. డెలివరీ ఆప్టిమైజేషన్ అంటారు. రాత్రిపూట మీ ల్యాప్‌టాప్ నుంచి నాన్నగారి ల్యాప్‌టాప్‌కు 7680 మీద డేటా పోతూ ఉంటే కారణం అదే అయ్యుండే అవకాశం ఎక్కువ. విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లో ఆ పంపకాన్ని ఆపుకోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. 7680 యజమాని ఎవరని చూస్తే ఎస్‌వీసీ హోస్ట్ అనే పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో ఒకేసారి పదుల సంఖ్యలో ప్రాసెస్‌లు నడుస్తుంటాయి. అది సొంతంగా ఏ పనీ చేసేది కాదు, విండోస్ సర్వీసులను మోసే పల్లకీ. పల్లకీలో ఎవరున్నారో తెలియాలంటే టాస్క్ మేనేజరులో సర్వీసెస్ భాగానికి వెళ్లి అదే పీఐడీ ఉన్న పేరు చూడాలి. దొంగ ప్రోగ్రాములు రాసేవాళ్లకూ ఈ పల్లకీ అంటే ఇష్టం. అదే పేరు పెట్టుకుంటారు, లేదా మధ్యలో రెండు అక్షరాలు తారుమారు చేస్తారు. అందుకే పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు, ఫైలు ఉన్న చోటు చూడాలి. అసలు ఎస్‌వీసీ హోస్ట్ ఉండేది విండోస్ ఫోల్డరులోని సిస్టమ్ 32లో. అదే పేరుగల ఫైలు టెంప్ ఫోల్డరులోనో, యాప్‌డేటాలోనో దొరికితే అది కచ్చితంగా అనుమానించాల్సిన విషయం. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం ఎవరిదో కూడా చూడండి. కొన్ని విండోస్ ఫైళ్ల సంతకాలు అక్కడ కనబడవు కాబట్టి సంతకం లేకపోవడం ఒక్కటే నేరానికి రుజువు కాదు.

సొంత కంప్యూటర్లో పోర్టు తెరిచి ఉండటం వేరు, బయటి ప్రపంచం దాన్ని చేరగలగడం వేరు. మధ్యలో రెండు కాపలాలున్నాయి. ఒకటి విండోస్ ఫైర్‌వాల్. రెండోది ఇంటి రౌటర్. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఇంటి లోపలివి. బయటినుంచి పిలుపు లేకుండా వచ్చిన ప్యాకెట్ ఇంట్లో ఎవరికి ఇవ్వాలో తెలియక రౌటర్ దాన్ని పారేస్తుంది. అయితే యూపీఎన్‌పీ అనే సౌకర్యం ఉంది. ఇంట్లోని గేమో, సీసీ కెమెరానో అడిగితే రౌటర్ మనకు చెప్పకుండానే బయటికి దారి తెరుస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ పట్టికలను ఏడాదికి ఒకసారైనా చూడటం మంచిది. కంప్యూటర్లో ఏమీ దొరకనప్పుడు జవాబు చాలాసార్లు అక్కడ ఉంటుంది.

తెరిచిన పోర్టు వల్ల ఎంత నష్టం జరగగలదో 2017 మేలో ప్రపంచం చూసింది. వనాక్రై అనే వైరస్ 445 పోర్టు ద్వారా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర లేకపోయింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్ల కంప్యూటర్లలోనూ 445 తెరిచే ఉంది, కానీ ఆ దెబ్బ వాటికి తగల్లేదు. కౌంటరు తెరిచి ఉండటం కన్నా అక్కడ కూర్చున్నవాడు అమాయకుడై ఉండటమే అసలు ప్రమాదమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంతా చూశాక యజమాని ఎవరో తేలకపోతే? ఫైలు ఉన్న చోటు అనుమానంగా ఉంది, పేరు ఎక్కడా వినలేదు, మీరు ఏమీ చేయకపోయినా తెలియని చిరునామాకు ఎస్టాబ్లిష్డ్ అని పదేపదే వస్తోంది. అప్పుడు ముందుగా ఆ ఫైలును చెరిపేయాలని అనిపిస్తుంది. ఆగండి. ముందు వైఫై ఆపండి లేదా కేబుల్ తీసేయండి. తెర మీది పట్టికను ఫోనుతో ఫొటో తీసుకోండి. పోర్టు, పీఐడీ, ఫైలు దారి, సమయం కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేస్తే పీఐడీ మారిపోతుంది, కొన్నిసార్లు ఆ ప్రోగ్రాం కూడా దాక్కుంటుంది. ఆ తరువాత విండోస్ సెక్యూరిటీలో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్‌కు దాక్కునే చోటు తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలోనూ ఉచిత పరికరాలున్నాయి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులు మార్చాల్సివస్తే ఆ కంప్యూటరు నుంచి కాకుండా వేరే ఫోను నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమని పెద్దవాళ్లతో చెప్పండి.

ఈ పరిశీలన అంతా మీ ఇంటి కంప్యూటర్ల మీదే చేయండి. పక్కింటి వైఫైలోనో, పాఠశాల ల్యాబులోనో అనుమతి లేకుండా పోర్టులు తట్టి చూడటం సరదా కాదు. అనుమతి లేని ప్రవేశం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుంది. ల్యాబులో చూడాలని ఉంటే మీ కంప్యూటర్ టీచరును అడగండి. చాలా ల్యాబుల్లో మైఎస్‌క్యూఎల్ ఉంటుంది కాబట్టి 3306 అక్కడా కనిపించవచ్చు.